గాలి తగలని చోటే తుప్పు

బారువ తీరానికి దగ్గర్లో ఉండే ఒక పాఠకుడు పంపిన ప్రశ్న ఇది. ఆయన కారు ఆరుబయటే ఉంటుంది. ఉప్పుగాలి నేరుగా కొట్టేది బానెట్‌నీ, టాప్‌నీ. ఆ రెండూ ఇప్పటికీ నిగనిగలాడుతున్నాయట. తుప్పు పట్టింది మాత్రం డోరు కింది అంచుకి, కాళ్ల దగ్గర మ్యాట్ కింద రేకుకి, వెనక చక్రం పైనున్న మడత లోపలికి. "గాలీ నీరూ తగిలితే ఇనుము తుప్పు పడుతుందని బళ్లో చెప్పారు కదండీ. మరి గాలి బాగా తగిలే చోటు బాగుండి, గాలే ఆడని చోటు ఎందుకు పోయింది?"

చదవగానే భలే సంతోషం వేసింది. బడి పాఠం దగ్గర దీనికి జవాబు లేదు మరి. మూడు పరీక్షనాళికలు, మూడు మేకులు గుర్తున్నాయి కదా. ఒకదాంట్లో మామూలు నీళ్లు, ఒకదాంట్లో మరిగించి పైన నూనె పోసిన నీళ్లు, ఇంకోదాంట్లో తేమ పీల్చేసే కాల్షియం క్లోరైడ్. మొదటి మేకే తుప్పు పడుతుంది, కాబట్టి గాలి, నీరు రెండూ కావాలి, రెండు మార్కులు. పాఠంలో తప్పేం లేదు. కానీ తుప్పు ఎప్పుడు పడుతుందో చెప్పి ఊరుకుంటుంది, ఎక్కడ పడుతుందో చెప్పదు. కారున్న మనిషికి కావలసింది ఆ రెండోదే.

ఆ సంగతి తేల్చినవారిలో ముఖ్యుడు కేంబ్రిడ్జికి చెందిన యులిక్ ఎవాన్స్. 1920ల్లో ఆయన వాడిన సరంజామా దాదాపుగా ఒక్క ఉప్పునీటి బొట్టు. మీరూ చేసి చూడొచ్చు. టింకరింగ్ షెడ్డులో అడిగితే నల్లరేకు ముక్క ఇస్తారు (జింకు పూత ఉన్న జీఐ రేకు పనికిరాదు). ఎమెరీ పేపరుతో మెరిసేదాకా రుద్ది, దాని మీద ఒక పెద్ద ఉప్పునీటి బొట్టు వేయండి. జూనియర్ కాలేజీ ల్యాబులో తెలిసినవాళ్లుంటే ఆ నీళ్లలో రెండు మందులు కలిపించుకోండి. పొటాషియం ఫెర్రీసయనైడ్ కలిపితే ఇనుము కరిగే చోట నీలం రంగు వస్తుంది. ఫినాఫ్తలీన్ కలిపితే క్షారం పుట్టే చోట గులాబి రంగు వస్తుంది. బొట్టు వేసిన కొత్తలో నీలం చుక్కలు, గులాబి మచ్చలు కలగాపులగంగా కనిపిస్తాయి. కాసేపటికి సర్దుకుంటాయి. బొట్టు నడిమధ్యన నీలం, చుట్టూ అంచున గులాబి, రెండింటికీ మధ్య సన్నగా ఒక గోధుమరంగు వలయం. ఆ వలయమే తుప్పు. బొట్టు తుడిచి భూతద్దంతో చూస్తే గరుకుతేలి, తినేసినట్టు కనిపించేది మాత్రం వలయం కింద కాదు, నడిమధ్యన.

అంచు దగ్గర నీటిపొర పల్చన. గాలిలోని ఆక్సిజన్ సులువుగా దిగుతుంది. దిగిన ఆక్సిజన్‌కి ఎలక్ట్రాన్లు కావాలి. అవి అందితే నీటితో కలిసి హైడ్రాక్సైడ్‌గా, అంటే క్షారంగా మారుతుంది. ఆ ఎలక్ట్రాన్లను ఇచ్చేది అంచు కింద ఉన్న ఇనుము కాదు. ఆక్సిజన్ చేరని నడిమి ఇనుము ఇస్తుంది. అక్కడి పరమాణువు ఒక్కొక్కటి రెండేసి ఎలక్ట్రాన్లు వదిలి, తాను అయానుగా మారి నీళ్లలోకి జారిపోతుంది. ఎలక్ట్రాన్లు రేకులోంచి అంచుకి ప్రయాణిస్తాయి. ఇది అక్షరాలా బ్యాటరీయే, ఎలక్ట్రాన్లు వదిలే ఆనోడూ, వాటిని అందుకునే కాథోడూ ఒకే రేకు మీద పక్కపక్కన ఉన్నాయంతే. సొమ్మొకడిది, సోకొకడిది. ఆక్సిజన్‌తో కులికేది అంచు, అరిగిపోయేది నడుము.

ఇప్పుడు ఆ బొట్టుని కారంత చేసి చూడండి. చక్రం పైన మడతలో తడి మట్టి పేరుకుంది. మట్టి అంచున ఆక్సిజన్ ఉంది, మట్టి నడుమ కింద లేదు. కరిగేది ఆ కింద రేకు. డోరు కింది అంచు ఎలా చేస్తారో తెలుసా? పైరేకుని లోపలి రేకు మీదకి మడిచి నొక్కుతారు. ఆ మడతలో వెంట్రుక పట్టేంత సందు మిగులుతుంది. అద్దం పక్క నుంచి దిగిన వాననీరు అందులో చేరితే రోజుల తరబడి ఆరదు. మడత నోటి దగ్గర ఆక్సిజన్, మడత లోతుల్లో కరువు. మ్యాట్ కింద తడిసిన స్పాంజిదీ ఇదే కథ. నంబరు ప్లేటు వెనకా ఇదే, పగిలిన రబ్బరు బీడింగు కిందా ఇదే. మన తీరంలో సరుగుడు తోటల నీడన కారు పెట్టేవాళ్లు ముందద్దం కింద వైపర్ల దగ్గర ఒకసారి జాలీ ఎత్తి చూడండి. సూదుల్లాంటి ఆ సరుగుడు ఆకు పిడికెళ్ల కొద్దీ దొరుకుతుంది. అది నీళ్లు పోయే కంతలను మూసేసి, తానే తడి దూదిలా కూర్చుంటుంది.

పెయింటు కింద పురుగు పాకినట్టు సన్నటి గీతలు కొందరు చూసే ఉంటారు. అక్కడ కూడా జరిగేది ఇదే. గీత కొనలో ఆక్సిజన్ తక్కువ, తోకలో ఎక్కువ. అందుకే కొన ఇనుముని తింటూ ముందుకు పోతుంది, తోక ఎండి తుప్పుగా మిగులుతుంది. గాలిలో తేమ బాగా ఉంటే ఆ పురుగు లాంటిది నెలల తరబడి అలా నడుస్తూనే ఉంటుంది.

ఇంతకంటే బాధ కలిగించే లెక్క ఒకటుంది. కరిగే వేగాన్ని నిర్ణయించేది ఆక్సిజన్ అందే చోటు ఎంత విశాలంగా ఉందన్నది. ఆ చోటు పెద్దదై, కరిగే చోటు చిన్నదైతే భారమంతా ఆ చిన్న చోటు మీదే పడుతుంది. రేకు సమంగా పల్చబడదు, గుంట పడుతుంది. కారు పైరేకు మందం చాలావరకు ముప్పావు మిల్లీమీటరు అటూఇటూ. గుంటకి చిల్లు కావడం ఎంతసేపు?

ఇక ఉప్పు. తుప్పుకి ఉప్పు తప్పనిసరి కాదు, కానీ మూడు రకాలుగా దానికి చేయూతనిస్తుంది. నీటిలో కరెంటు సులువుగా పారేలా చేస్తుంది, అది తెలిసిందే. రెండోది నాకు బాగా ఇష్టమైనది. సోడియం క్లోరైడ్ గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే తనంత తానే నీరవుతుంది. మెగ్నీషియం క్లోరైడుకైతే 33 శాతం చాలు. నౌపడ ఉప్పుమడుల్లో ఉప్పు తీశాక మిగిలే చేదు నీళ్లలో ఉండేది ఎక్కువగా ఈ మెగ్నీషియమే. కల్లుప్పు జాడీలో చెమ్మగిల్లడానికి కారణమూ అదే. సముద్రపు తుంపరలో రెండూ ఉంటాయి. అంటే వాన పడకపోయినా, ఎండ కాస్తున్నా, కారు మడతల్లో ఉప్పు చేరిన చోట తడి ఆరదు.

మూడోది క్లోరైడు అయాను. గుంట అడుగున కరిగిన ఇనుము, అంటే ఫెర్రస్ అయాన్లు, పోగవుతుంటే, ఆ ధన విద్యుదావేశాన్ని సరిపెట్టడానికి బయట నుంచి క్లోరైడు అయాన్లు లోపలికి వలస వస్తాయి. ఫెర్రస్ క్లోరైడు నీటితో చర్య జరిపి హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని పుట్టిస్తుంది. పీహెచ్ పడిపోతుంది, అంటే ఆమ్లగుణం పెరుగుతుంది. ఆమ్లం ఇంకొంత ఇనుముని కరిగిస్తుంది, దానికి ఇంకొంత క్లోరైడు వస్తుంది. గుంట తన ఆమ్లాన్ని తానే తయారు చేసుకుంటుందన్నమాట. తీరప్రాంతపు తుప్పులో అకగనైట్ అనే ఖనిజం కనిపిస్తుంది, జపాన్‌లోని అకగనే గని పేరు అది. దాని స్ఫటికాల సొరంగాల్లోనే క్లోరైడు దాక్కుని ఉంటుంది. పైపైన గీకి పెయింటు వేస్తే మూడు నెలల్లో మళ్లీ ఎందుకు పొంగుతుందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. తుప్పు తాను తిన్న ఇనుము కంటే సుమారు 3 రెట్లు చోటు ఆక్రమిస్తుంది, అందుకే పెయింటుని పొక్కులా లేపుతుంది.

శనివారం ఇనుము ఇంటికి తేకూడదని కారు డెలివరీని ఆదివారానికి వాయిదా వేసుకునేవాళ్లు మన దగ్గర ఇంకా ఉన్నారు. శనిగ్రహానికీ తుప్పుకీ సంబంధం లేదు, ఒక రోజు ఆలస్యం వల్ల నష్టమూ లేదు. దసరాకి బంపరుకి కట్టే నిమ్మకాయ ఆమ్లమే అయినా, ఇప్పటి బంపర్లు ప్లాస్టిక్‌వి కాబట్టి దిష్టీ తగలదు, తుప్పూ తగలదు. బానెట్ మీద చల్లే కొబ్బరినీళ్లలో లవణాలు, చక్కెర ఉంటాయి. పూజ అయ్యాక ఒక చెంబుడు మంచినీళ్లు పోస్తే సరి. దసరా రోజుల్లో అసలు భయపడాల్సింది తుపానుకి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ. వరదనీట మునిగిన కారుని పైన కడిగి తుడిచి సంతోషపడతాం. డోర్ల కింద కారు పొడవునా ఉండే బోలు పెట్టెల్లోకి దూరిన బురద అక్కడే ఉంటుంది. బురద నడుమ ఏం జరుగుతుందో మళ్లీ చెప్పక్కర్లేదు.

కారు కంపెనీలు దీనికి చేసే ఏర్పాటు అందమైనది. చాలా కార్లలో ముఖ్యమైన రేకులకి జింకు పూస్తారు. జింకు విద్యుత్ పొటెన్షియల్ మైనస్ 0.76 వోల్టులు, ఇనుముది మైనస్ 0.44. మైనస్ ఎంత ఎక్కువైతే ఎలక్ట్రాన్లు వదలడం అంత సులువు. గీత పడి రెండూ బయటపడినా ఎలక్ట్రాన్లు వదిలేది జింకే, ఇనుము బతికిపోతుంది. ఈ ఉపాయం పాతదే. 1824లో హంఫ్రీ డేవీ ఓడల రాగి తొడుగుకి ఇనుప, జింకు దిమ్మలు బిగించి రాగిని కాపాడాడు. మరీ బాగా కాపాడాడు. కరిగే రాగి విషానికి దూరంగా ఉండే గవ్వపురుగులు, నాచు ఇప్పుడు హాయిగా అతుక్కుని ఓడ వేగాన్ని తగ్గించేశాయి. జింకు మీద ఫాస్ఫేటు పొర, ఆ తర్వాత బాడీ మొత్తాన్ని తొట్టిలో ముంచి కరెంటుతో అతికించే ప్రైమరు. బ్రష్షు చేరని మూలలకి కూడా అది చేరుతుంది. మందం దాదాపు 20 మైక్రాన్లు, వెంట్రుకలో మూడో వంతు కూడా ఉండదు.

ఓడల పద్ధతే కారుకీ అంటూ బ్యాటరీకి తగిలించే ఎలక్ట్రానిక్ పెట్టెలు అమ్ముతుంటారు. ఓడ సముద్రంలో మునిగి ఉంటుంది, సర్క్యూట్ పూర్తి చేయడానికి చుట్టూ ఉప్పునీరు ఉంది. కారు చుట్టూ ఉన్నది గాలి. కరెంటు పారే దారే లేదు. డబ్బు దండగ.

అండర్ కోటింగ్ చేయించాలా అని కూడా చాలామంది అడుగుతారు. కొత్త కారుకి, శుభ్రంగా ఆరిన రేకు మీద చేస్తే మంచిదే. మట్టి మీదో తుప్పు మీదో నల్లగా పూసేస్తే, ఆ పూత పగిలిన రోజున దాని కింద ఎవాన్స్ బొట్టే. గట్టిపడే తారు రకం కంటే మెత్తగా ఉండి సందుల్లోకి పాకే మైనం రకం నయం. వాడేసిన ఇంజినాయిల్ కొట్టించడం మన పాత అలవాటు. నీటిని దూరం పెడుతుంది కానీ రబ్బరు బుష్‌లను పాడు చేస్తుంది, దుమ్ముని పట్టి ఉంచుతుంది, నేలలోకి కారుతుంది. సముద్రపు గాలిలో తిరిగే కారుకి అన్నిటికంటే చవకైన మందు కింద నుంచి, మడ్‌గార్డుల లోపల మంచినీటితో వాటర్ సర్వీసింగ్. మంచినీళ్లనే ఎందుకన్నానంటే తీరంలో కొన్ని బోర్లలో వచ్చేవి ఉప్పునీళ్లే. కడిగాక కవరు కప్పేయకండి, ముందు ఆరనివ్వండి. డోరు కింద నీరు పోయే కంతల్లో చీపురుపుల్ల ఆడించండి. ఇనుప తీగ పెడితే పూత గీసుకుపోతుంది.

పట్టేసిన తుప్పు సంగతి. డోరు అంచున పొక్కుని గోటితో నొక్కితే పెంకులా విరిగి, కింద నల్లటి పొడి, దాని కింద చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. పొక్కు చుట్టూ రెండు వేళ్ల వెడల్పు ఎక్కువగానే పెయింటు తీసేయాలి. తుప్పు బయటికి కనిపించేదానికంటే లోపల ఎక్కువ పాకి ఉంటుంది. వైరు బ్రష్షుతో తెల్లరేకు వచ్చేదాకా రుద్ది, మంచినీటితో కడిగి క్లోరైడు పోగొట్టి, పూర్తిగా ఆరబెట్టాలి. గుంటల్లో మిగిలినదానికి రస్ట్ కన్వర్టర్ పూస్తారు. పూసిన చోట గోధుమరంగు పోయి నీలినలుపు వస్తుంది. అది టానిన్ ఇనుముతో కలిసి చేసే పని. కలంకారీ బట్ట మీద నల్లగీత వచ్చేది కూడా ఇందుకే, కరక్కాయలో ముంచిన బట్ట మీద తుప్పుముక్కలూ బెల్లమూ నానిన కషాయంతో రాస్తారు. అలాగని కారుకి కరక్కాయ కషాయం పూయకండి. కన్వర్టర్‌లో పొరగా గట్టిపడే రెసిన్ కూడా ఉంటుంది, రేకుకి కావలసింది ఆ పొర.

దాని మీద ఎపాక్సీ ప్రైమరు, ఆ తర్వాతే పుట్టీ. చాలా షెడ్డుల్లో పుట్టీని ఉత్తరేకు మీదే పెట్టేస్తారు. పుట్టీ తేమ పీలుస్తుంది, కింద రేకు మళ్లీ మొదలుపెడుతుంది. చిల్లు పడితే పుట్టీ, ఫైబరు అతుకులు వద్దు. రేకు కోసి వెల్డింగ్ చేయాలి, ముఖ్యంగా డోరు కింద పెట్టెల్లో, సస్పెన్షన్ బిగించే చోట. గుద్దినప్పుడు కారు బలం అక్కడే ఉంటుంది. వెల్డింగ్ వేడికి లోపలి వైపున్న జింకూ ప్రైమరూ కాలిపోతాయి. అటు బ్రష్షు చేరదు కాబట్టి పొడవాటి గొట్టం పెట్టి మైనం స్ప్రే చేయాలి. బిల్లు కట్టే ముందే అడగండి, అడగకపోతే షెడ్డులో ఎవరూ చేయరు.