పర్యాటకుల లెక్క నుంచి కర్బన లెక్క దాకా

దేశాలూ నగరాలూ పర్యాటక సంస్థలను పెట్టుకున్నదే సందర్శకులను రప్పించడానికి. ఏటా ఎంతమంది వచ్చారు, ఎన్ని రాత్రులు ఉన్నారు, ఎంత ఖర్చు పెట్టారు అన్నవే వాటి పనితీరుకు కొలమానాలు. 1950లో ప్రపంచవ్యాప్తంగా విదేశీ పర్యాటకుల రాకలు సుమారు రెండున్నర కోట్లు. 2019 నాటికి అవి 140 కోట్లు దాటాయి. ఈ పెరుగుదలను తమ విజయంగా చూపుకున్న సంస్థలనే ఇప్పుడు భూతాపానికి కళ్లెం వేయడంలో పాలుపంచుకోమంటున్నాం. చిక్కంతా అక్కడే ఉంది.

రియో ధరిత్రీ సదస్సు జరిగిన మూడేళ్లకు, 1995లో, స్పెయిన్‌కు చెందిన లాంజరోటే దీవిలో సుస్థిర పర్యాటక పత్రం వెలువడింది. పర్యాటకం ప్రకృతి భరించగలిగేంతే ఉండాలని, స్థానికులకు న్యాయం చేయాలని అది కోరింది. మంచి మాటే. కానీ అప్పటి ఆలోచన ప్రధానంగా గమ్యస్థానం చుట్టూనే తిరిగింది. అక్కడికి చేరడానికి పట్టే ఇంధనం ఎవరి ఖాతాలో పడాలో తేలలేదు. 1997 నాటి క్యోటో ఒప్పందం కూడా అంతర్జాతీయ విమానాల ఉద్గారాలను దేశాల లక్ష్యాల్లో చేర్చకుండా, ఆ పనిని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థకు అప్పగించింది. ఆ సంస్థ ఒక ప్రపంచవ్యాప్త పథకానికి ఒప్పుకునేసరికి 2016 వచ్చింది. పందొమ్మిదేళ్లు! ఈ చరిత్రలో అన్నిటికన్నా ఖరీదైన జాప్యం ఇదేనని నా అభిప్రాయం.

ఈలోగా వేడి పర్యాటక స్థలాలకే తగిలింది. బొలీవియాలో 5,000 మీటర్లకు పైన ఉన్న చకల్తాయా హిమానీనదం మీద దశాబ్దాలపాటు మంచు క్రీడలు సాగాయి. అది 2015 వరకైనా ఉంటుందని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. 2009కే పూర్తిగా కరిగిపోయింది.

2003లో ట్యునీషియాలోని జెర్బాలో, 2007లో స్విట్జర్లాండ్‌లోని దావోస్‌లో పర్యాటక రంగం వాతావరణ మార్పులపై సదస్సులు పెట్టుకుంది. మరుసటి ఏడాది ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక ఒక లెక్క తేల్చింది: ప్రపంచ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో పర్యాటకం వాటా దాదాపు 5 శాతం. అందులో నాలుగింట మూడొంతులు ప్రయాణాలవే, విమానాలవే 40 శాతం. బస వాటా ఐదో వంతు. వస్తువుల తయారీ, ఆహారం వంటివన్నీ కలిపి లెక్కించిన 2018 నాటి అధ్యయనంలో పర్యాటకం వాటా గ్రీన్‌హౌస్ వాయువుల్లో 8 శాతానికి చేరింది.

హోటల్ స్నానాలగదిలోని చిన్న అట్టను ఈ లెక్క పక్కన పెట్టి చూడండి. తువ్వాలు మళ్లీ వాడుకుంటారా, కొక్కేనికి తగిలించండి. మార్చాలా, కింద వదలండి అంటుందది. నీరు, కరెంటు ఆదా అయ్యే మాట నిజం. అయితే అతిథి వేల కిలోమీటర్లు ఎగిరివచ్చి రెండు రాత్రులే ఉండి వెళితే, ఆ తువ్వాలు ఆదా చేసేది ఏపాటి?

పర్యాటక రంగం వాతావరణం కోసం ఏం చేయాలన్నదానిపై 2021 నవంబరులో వెలువడిన గ్లాస్గో ప్రకటన అందుకే ముఖ్యమైనది. 2030కల్లా ఉద్గారాలను సగానికి తగ్గించడం, 2050కి ముందే వీలైనంత త్వరగా నికర శూన్యానికి, అంటే వెలువడినంతా తిరిగి గాలి నుంచి తొలగించే స్థితికి, చేరడం దాని లక్ష్యాలు. సంతకం చేసిన సంస్థ 12 నెలల్లో కార్యాచరణ ప్రణాళిక ఇవ్వాలి, ఏటా ప్రగతిని బహిరంగంగా చెప్పాలి. ఆరంభంలోనే 300కు పైగా సంస్థలు చేరాయి.

దారి చూపిన దేశాలు అంతకుముందే ఉన్నాయి. పసిఫిక్ మహాసముద్రంలోని దీవుల దేశం పలావు 2017 నుంచి సందర్శకుల పాస్‌పోర్టులో ఒక ప్రతిజ్ఞ ముద్ర వేసి, మీ దీవిని కాపాడతామని అక్కడి పిల్లలకు మాట ఇస్తున్నట్టుగా సంతకం చేయిస్తోంది. పగడాలకు హాని చేసే సన్‌స్క్రీన్‌లను 2020లో నిషేధించింది. అయినా ఆ దీవులకు దాదాపు అందరూ చేరేది విమానంలోనే. నెదర్లాండ్స్ పర్యాటక సంస్థ ఇంకాస్త లోతుకు వెళ్లింది. ప్రచారంకన్నా గమ్యస్థాన నిర్వహణే తన పని అని 2019లో ప్రకటించింది.

నా దృష్టిలో అసలు పని అక్కడే మొదలవుతుంది. ప్రచారం డబ్బు ఎవరిని పిలవడానికి ఖర్చవుతోందన్నది సంస్థల చేతిలోని నిర్ణయం. దూరదేశాల వారికన్నా రైల్లో రాగలిగే పొరుగువారిని పిలవవచ్చు. రెండు రోజుల విహారాలకు బదులు వారం ఉండేలా ప్రయాణాలు రూపొందించవచ్చు. వార్షిక నివేదికలో రాకల సంఖ్య పక్కనే ఒక్కో రాత్రి బసకు ఎంత కర్బనం వెలువడిందో ముద్రించవచ్చు. గ్లాస్గో ప్రకటన స్వచ్ఛందమైనది, చట్టబలం లేనిది. కనుక ఆ అంకెలను ఏటా అడగాల్సింది ఆ సంస్థలకు నిధులిచ్చే ప్రభుత్వాలూ, ఆ ఊళ్లలో నివసించే ప్రజలూ.