కౌంటర్ దాటని ఫిర్యాదు

పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 173(3) సెక్షన్ మీద వాదన మళ్లీ రాజుకుంది. మూడేళ్లు, అంతకు మించి, ఏడేళ్లలోపు శిక్ష పడే నేరం గురించి ఫిర్యాదు వస్తే స్టేషన్ అధికారి వెంటనే కేసు కట్టక్కర్లేదు. డీఎస్పీ అనుమతి తీసుకుని 14 రోజుల్లో ప్రాథమిక విచారణ జరపవచ్చు. పైకి అభ్యంతరం పెట్టాల్సిందేమీ కనిపించదు. కానీ బాధిత మహిళల వెంట స్టేషన్లకు వెళ్లేవాళ్లు అడుగుతున్నది వేరు: తన మీద ఫిర్యాదు వచ్చిందని అవతలివాడికి తెలిసిపోయాక, చేతిలో ఎఫ్ఐఆర్ కాపీ అయినా లేకుండా ఆమె ఆ 14 రోజులు ఎలా గడపాలి?

పోలీస్ స్టేషన్‌లోనే అత్యాచారం జరిగిందన్న మథుర కేసు, 1983 అత్యాచార చట్ట సవరణలు, 2012 డిసెంబర్‌లో ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరం పాఠకులకు తెలిసినవే. వాటిని మళ్లీ ఏకరువు పెట్టను. ఇవాళ్టి తగువు మూలం తెలియాలంటే 2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్‌లో ఏం జరిగిందో, ఆ తర్వాత తొమ్మిది రోజుల్లో మనం దాన్ని ఎలా మరిచిపోయామో చూడాలి.

ఆ రాత్రి టోల్‌ప్లాజా దగ్గర స్కూటర్ టైరులో గాలి లేక ఆగిపోయిన యువ పశువైద్యురాలు (తర్వాత అందరూ దిశ అని పిలిచింది ఈమెనే) చెల్లెలికి ఫోన్ చేసింది. భయంగా ఉంది, మాట్లాడుతూ ఉండమంది. కాసేపటికి ఫోన్ స్విచాఫ్ అయింది. ఇంట్లోవాళ్లు వెతికి వెతికి పోలీస్ స్టేషన్‌కు పరుగెత్తారు. అక్కడ వినిపించిన మాట ఇది మా పరిధి కాదని. ఇంకో స్టేషన్‌కు వెళ్లమన్నారు. ఎవరితోనైనా వెళ్లిపోయి ఉంటుందన్నట్టు మాట్లాడారని కుటుంబం తర్వాత ఆరోపించింది. మిస్సింగ్ కేసు నమోదయ్యేసరికి తెల్లవారుజాము అయింది. ఉదయానికి చటాన్‌పల్లి వంతెన కింద కాలిన మృతదేహం దొరికింది. ఆ గంటలు కలిసొచ్చి ఉంటే ప్రాణం దక్కేదా అన్నది ఎవరూ తేల్చి చెప్పలేరు. ఆ తల్లిదండ్రులకు మాత్రం రాత్రంతా స్టేషన్ నుంచి స్టేషన్‌కు తిరగడంలోనే గడిచిపోయింది.

రెండు మూడు రోజులపాటు దేశమంతా సరైన ప్రశ్నే అడిగింది. పరిధి పేరుతో ఫిర్యాదును ఎలా తిప్పి పంపుతారు? ఒక ఎస్సైని, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లను సస్పెండ్ చేశారు. జీరో ఎఫ్ఐఆర్ అన్న మాట అప్పుడే ఇంటింటికీ తెలిసింది. నేరం ఎక్కడ జరిగినా ముందు సున్నా నంబరుతో కేసు రాసుకుని, తర్వాత సంబంధిత స్టేషన్‌కు బదిలీ చేయాలి. అది కొత్తదేమీ కాదు. అలా నమోదు చేయాలని కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు 2013లోనే సూచించింది. సమాచారంలో కాగ్నిజబుల్ నేరం, అంటే వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగల నేరం, కనిపిస్తే ఎఫ్ఐఆర్ తప్పనిసరని అదే ఏడాది నవంబర్‌లో లలిత కుమారి కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. ఆరేళ్లు గడిచినా ఆ మాట కౌంటర్ వెనుక కూర్చున్న మనిషి దాకా చేరలేదు.

డిసెంబర్ 6 తెల్లవారుజామున నలుగురు నిందితులను అదే చటాన్‌పల్లిలో పోలీసులు కాల్చి చంపారు. నవంబర్ 28న ఏ శాఖను జనం నిలదీశారో ఆ శాఖ మీదే పూలు చల్లారు, రాఖీలు కట్టారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ ఆ ఎదురుకాల్పుల కథనాన్ని నమ్మలేదు. పదిమంది పోలీసులపై హత్యానేరం కింద విచారణ జరగాలని సిఫారసు చేసింది. 2022 మేలో ఆ నివేదిక బయటికి వచ్చింది, వ్యవహారం తెలంగాణ హైకోర్టుకు చేరింది. ఆ చర్చ ఎంత అవసరమో నాకు తెలుసు. కానీ ఎన్‌కౌంటర్ సరైనదా కాదా అన్న గొడవలో, ఆ రాత్రి ఫిర్యాదు ఎందుకు తీసుకోలేదన్న ప్రశ్న కొట్టుకుపోయింది. నా దృష్టిలో కథ మలుపు తిరిగింది అక్కడే.

తర్వాత వచ్చిన బిల్లులు చూడండి. వారం తిరిగేసరికి, 2019 డిసెంబర్ 13న ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దిశ బిల్లు ఆమోదించింది. దర్యాప్తు ఏడు పనిదినాల్లో, విచారణ 14 పనిదినాల్లో, మొత్తం 21 పనిదినాల్లో తీర్పు, అవసరమైతే ఉరి. దానికి రాష్ట్రపతి ఆమోదం దక్కలేదు. 2024 ఆగస్టులో కోల్‌కతాలోని ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో యువ డాక్టర్ హత్యాచారం తర్వాత పశ్చిమ బెంగాల్ అసెంబ్లీ అపరాజిత బిల్లు తెచ్చింది. 21 రోజుల్లో దర్యాప్తు ముగించాలంది. ఈ గడువులన్నీ ఫిర్యాదు నమోదయ్యాకే మొదలవుతాయి. ఆర్‌జీ కర్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా అడిగిన ప్రశ్నల్లో ఒకటి, ఎఫ్ఐఆర్ సుమారు 14 గంటలు ఎందుకు ఆలస్యమైందన్నది. 21 రోజుల గడువు పెట్టినవాళ్లెవరూ ఆ 14 గంటల సంగతి తేల్చలేదు.

ఇక్కడ 2013కి వెనక్కి వెళ్లాలి. ఢిల్లీ ఘటన తర్వాత వేసిన జస్టిస్ వర్మ కమిటీ నివేదిక ఇచ్చాక వచ్చిన సవరణ చట్టం రెండు మంచి పనులు చేసింది. ఆడపిల్లల వెంటపడి వేధించడాన్ని ఐపీసీ 354డి కింద మొదటిసారి ప్రత్యేక నేరంగా గుర్తించింది. కొన్ని నేరాల్లో ఫిర్యాదు రాసుకోని పోలీసుకు 166ఎ కింద ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు శిక్ష పెట్టింది. అయితే ఆ కొన్ని నేరాల జాబితాలో అత్యాచారం, యాసిడ్ దాడి, మానవ అక్రమ రవాణా లాంటివి ఉన్నాయి కానీ, అదే చట్టం అప్పుడే పుట్టించిన వెంటపడటం లేదు. భర్త క్రూరత్వం, అంటే 498ఎ కూడా లేదు. దిశ కుటుంబం ఇచ్చిన మిస్సింగ్ ఫిర్యాదు లాంటిది అసలే లేదు. ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 166ఎ స్థానంలోకి 199వ సెక్షన్ వచ్చింది. వెంటపడటం, భర్త క్రూరత్వం అందులోకీ ఎక్కలేదు.

ఆ ఖాళీ ఎలా ఉంటుందో ఒకసారి దగ్గర నుంచి చూశాను. ఒక స్నేహితురాలి వెంట ఊరు పేరు చెప్పనక్కర్లేని ఒక స్టేషన్‌కు వెళ్లాను. ఒకడు నాలుగు నెలలుగా ఆమె ఆఫీసు గేటు దగ్గర కాపు కాస్తున్నాడు. స్టేషన్ రైటర్ తెల్ల కాగితం ఇచ్చి రాయమన్నాడు. ఆమె తేదీలతో సహా రెండు పేజీలు రాసింది. అతను చదివి, “కేసంటే మీకే ఇబ్బందమ్మా, కోర్టుల చుట్టూ తిరగాలి. పిలిచి కౌన్సెలింగ్ ఇస్తాం” అన్నాడు. మాట మర్యాదగానే ఉంది. రసీదు అడిగితే పిటిషన్‌కు రసీదు ఉండదన్నాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రిజిస్టర్ కింద దోపాడు. వాణ్ని పిలిచారు, మందలించి పంపారు. ఎవరు ఫిర్యాదు ఇచ్చారో వాడికి ఆ సాయంత్రమే తెలిసింది. మర్నాటి నుంచి ఆమె ఆఫీసుకు వెళ్లడం మానేసింది.

పోలీసులు చెప్పేదీ ఉంది. కుటుంబ తగాదాల్లో కోపంతో ఊరందరి పేర్లూ రాసిస్తారని, సిబ్బంది చాలరని, లలిత కుమారి తీర్పే వైవాహిక వివాదాల్లో ప్రాథమిక విచారణకు వీలిచ్చిందని అంటారు. చివరిది నిజమే. పైకి చెప్పని కారణం ఇంకొకటుంది. ఎఫ్ఐఆర్‌లు పెరిగితే ఆ స్టేషన్ పరిధిలో నేరాలు పెరిగాయని పై అధికారి సమీక్షలో నిలబెడతాడు. రాసుకున్నవాడికి అక్షింతలు, రాసుకోనివాడికి మెప్పు దక్కుతున్నంతకాలం కౌంటర్ దగ్గర మాట మారదు.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలో 2022లో మహిళలపై నేరాలు 4,45,256. అవి కౌంటర్ దాటినవి మాత్రమే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం హింసకు గురైన స్త్రీలలో ఎవరినైనా సాయం అడిగినవాళ్లు 14 శాతమే. అందులో ఎక్కువమంది వెళ్లింది పుట్టింటికి. పోలీసుల దాకా వచ్చేది అతి కొద్దిమంది. అంటే రైటర్ ముందు నిలబడే ఆమె అప్పటికే ఎన్నో గడపలు దాటి వచ్చిన మనిషి.

2024 జులై 1న కొత్త చట్టాలు అమల్లోకి వచ్చాయి. ఏ పరిధిలో జరిగిన నేరమైనా సమాచారం రాసుకోవాలని 173(1) చెప్పింది, అంటే జీరో ఎఫ్ఐఆర్ చివరికి చట్టంలోకి ఎక్కింది. శంషాబాద్ రాత్రికి అది కాస్తయినా జవాబు. బాధితురాలు చెప్పేది మహిళా అధికారి నమోదు చేయాలన్న నియమం కొనసాగింది. మూడు అంగుళాలు కిందికి వెళితే అదే సెక్షన్‌లో మూడో ఉపసెక్షన్, 14 రోజుల విచారణ.

రాసుకోని పోలీసును శిక్షించే 199, విచారణకు వీలిచ్చే 173(3) ఢీకొనే చోటు ఉంది. స్త్రీ గౌరవానికి భంగం కలిగించే దాడి, న్యాయ సంహిత 74వ సెక్షన్, గరిష్ఠ శిక్ష అయిదేళ్లు. దాన్ని రాసుకోని పోలీసు జైలుకు వెళ్లాలని 199 చెబుతోంది. శిక్ష పరిమితిని బట్టి అదే నేరం 173(3) పరిధిలోకీ వస్తోంది. విచారణ చేస్తున్నాం, ఇంకా రాసుకోలేదు అని చెప్పే అధికారి తప్పు చేసినట్టా, చట్టాన్ని పాటించినట్టా? గరిష్ఠంగా మూడేళ్లు పడే వెంటపడటం (మొదటిసారైతే), భర్త క్రూరత్వం కూడా ఈ పరిధిలోకే వస్తాయని చదివితే, వాటికి 199 రక్షణ కూడా లేదు. 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు 173(3)ను లలిత కుమారి నియమానికి మినహాయింపుగా గుర్తించింది. అది ఒక కవిత మీద కట్టిన భావప్రకటన కేసు. విచారణ లేకుండా కవితల మీద కేసులు కట్టకుండా ఆ మినహాయింపు అక్కడ పౌరుడికి అండగా నిలిచింది. దెబ్బలు తిని వచ్చిన ఆమెకు మాత్రం అదే మినహాయింపు అడ్డుగోడ అవుతుంది.

ప్రస్తుతం న్యాయవాదులు కోరుతున్నది సెక్షన్ ఎత్తేయమని కాదు. డీఎస్పీ అనుమతి కాగితం మీద ఉండాలి. దాని నకలు, ఎందుకు ఆపారో కారణంతో సహా, ఫిర్యాదు ఇచ్చినామెకు ఆ రోజే అందాలి. ఎఫ్ఐఆర్ నమోదైతే నకలు ఉచితంగా ఇవ్వాలని 173(2)లో రాసి ఉంది. విచారణ పేరుతో ఆపితే ఆమెకు ఆ సంగతి చెప్పాలని 173(3)లో ఎక్కడా లేదు.