హన్నా అరెంట్: అపోహలు, వాస్తవాలు

పొలిటికల్ సైన్స్ విద్యార్థులకు పాశ్చాత్య రాజకీయ చింతన చెబుతాను. జర్మనీలో పుట్టిన యూదు రాజకీయ చింతకురాలు హన్నా అరెంట్ (1906–1975) మీద వచ్చే జవాబులు దిద్దుతుంటే కొన్ని తప్పులు ఏటా అవే ఎదురవుతాయి.

అపోహ: ‘చెడు సాధారణం, ప్రతి మనిషిలోనూ ఒక ఐక్‌మన్ ఉన్నాడు’ అని ఆమె చెప్పింది.

వాస్తవం: ఇందులో సగం తప్పు మన అనువాదానిది. ‘బనాలిటీ ఆఫ్ ఈవిల్’ని నోట్సుల్లో ‘చెడు యొక్క సాధారణత్వం’ అని రాసేస్తాం. సాధారణం అనగానే మనకు ‘అంతటా ఉండేది’ అని తోస్తుంది. ఆమె ఉద్దేశం అది కాదు. యూదులను లక్షల్లో మరణ శిబిరాలకు తరలించే ఏర్పాట్లు చూసిన నాజీ అధికారి అడాల్ఫ్ ఐక్‌మన్. 1961లో జెరూసలెంలో అతని విచారణకు న్యూయార్కర్ పత్రిక తరఫున వెళ్లిన అరెంట్‌కి, అరిగిపోయిన ఆఫీసు భాష తప్ప సొంత మాట ఒక్కటీ లేని మనిషి కనిపించాడు. తెలివితక్కువవాడేం కాదు. ఎదుటివాడి వైపు నుంచి ఆలోచించడమే చేతకాదు. ఆ లోతులేనితనానికి పెట్టిన పేరది. క్లాసులో నేను ‘చెడు చప్పదనం’ అంటాను. పిల్లలు నవ్వుతారు, కానీ మర్చిపోరు.

ఇక ‘ప్రతి మనిషిలో ఐక్‌మన్’ అన్న మాటను ఆమే కొట్టిపారేసింది. అందరూ దోషులే అంటే చివరికి ఎవరూ దోషి కారన్నది ఆమె వాదం. పైవాళ్లు చెబితే మామూలు మనుషులు ఎదుటివారిని ఎంతదాకా బాధపెడతారో చూడటానికి మనస్తత్వవేత్త మిల్‌గ్రామ్ అదే 1961లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో మొదలుపెట్టిన ప్రయోగాలను దీనితో కలిపి చదివితే ఈ గందరగోళం ఇంకా పెరుగుతుంది.

అపోహ: ఐక్‌మన్‌ను వెనకేసుకొచ్చింది.

వాస్తవం: అతన్ని ఉరి తీయడం సరైనదేనని ఆ విచారణ మీద రాసిన ‘ఐక్‌మన్ ఇన్ జెరూసలెం’ పుస్తకం చివర్లో తన మాటల్లో తీర్పే రాసింది. విచారణ నడిపిన తీరునూ, నాజీలు ఏర్పాటు చేయించిన యూదు మండళ్ల నాయకుల పాత్రనూ ప్రశ్నించినందుకు మాత్రం పాత స్నేహితులు కొందరు దూరమయ్యారు.

అయితే ఐక్‌మన్‌ను ఆమె సరిగ్గా అంచనా వేసిందా? నాకు అనుమానమే. విచారణ మొత్తం ఆమె అక్కడ లేదు, చాలావరకు రికార్డుల మీద ఆధారపడింది. ఐక్‌మన్ ఆర్జెంటీనాలో దాక్కున్న రోజుల్లో, 1957లో, సాసెన్ అనే జర్నలిస్టు అతనితో మాట్లాడి రికార్డు చేసిన టేపుల్లో వినిపించేది చేసినదానికి గర్వపడే పక్కా నాజీ గొంతు. గుమాస్తా వేషం కోర్టు కోసం. ఆమె భావన పనికొచ్చేదేనని ఇప్పటికీ అనుకుంటాను, కానీ ఈ టేపుల సంగతి చెప్పకుండా ఆ పాఠం ముగించను.

అపోహ: గదిలో కూర్చుని రాసుకున్న ఫిలాసఫర్.

వాస్తవం: ‘నేను ఫిలాసఫర్‌ని కాను, నా వృత్తి రాజకీయ సిద్ధాంతం’ అని 1964లో జర్మన్ టీవీలో చెప్పింది. 1933లో బెర్లిన్ లైబ్రరీలో యూదు వ్యతిరేక రాతలు సేకరిస్తున్నందుకు నాజీ రహస్య పోలీసు గెస్టపో ఎనిమిది రోజులు నిర్బంధించింది. బయటపడి ప్యారిస్ చేరితే, 1940లో ఫ్రాన్స్ గుర్ నిర్బంధ శిబిరంలో పెట్టింది. మరుసటి ఏడు న్యూయార్క్. 1937లో జర్మన్ పౌరసత్వం పోయాక 1951 దాకా ఏ దేశమూ తనది కాదు. ‘హక్కులు కలిగి ఉండే హక్కు’ అన్న మాట ఆ బతుకులోంచి వచ్చింది.

అపోహ: ‘ది లైఫ్ ఆఫ్ ది మైండ్’ రెండు భాగాల పుస్తకం.

వాస్తవం: అనుకున్నవి మూడు. ఆలోచన, సంకల్పం అయ్యాయి. 1975 డిసెంబర్ 4న ఆమె చనిపోయేనాటికి టైప్‌రైటర్‌లో ఒక కాగితం ఉంది. దాని మీద ‘జడ్జింగ్’ (తీర్పు చెప్పడం) అన్న శీర్షిక, రెండు ఉల్లేఖనలు, అంతే. 1970లో జర్మన్ తత్వవేత్త కాంట్ మీద ఆమె చెప్పిన పాఠాలు 1982లో అచ్చయ్యాయి. మూడో భాగంలో ఏం రాసేదో వాటిని పట్టుకునే ఊహిస్తుంటాం.