పది శాతం చేతిలో ఉంటే ఇల్లు వచ్చేస్తుందా? డౌన్ పేమెంట్ గురించి అపోహలు - వాస్తవాలు

మొన్న సోమవారం బ్రాంచి తలుపులు తీయగానే ఒక జంట వచ్చి నా టేబుల్ ముందు కూర్చున్నారు. ఆమె చేతిలో ప్లాస్టిక్ ఫోల్డర్, అందులో రెండు లక్షలు టోకెన్ అడ్వాన్స్ కట్టిన రసీదు. "మేడమ్, ఫ్లాట్ అరవై లక్షలు. మా దగ్గర ఈ అడ్వాన్స్‌తో కలిపి ఆరు లక్షలు ఉన్నాయి. మిగతా తొంభై శాతం మీరిస్తారు కదా" అన్నాడాయన. పదహారేళ్లుగా హైదరాబాద్‌లో ఇంటి రుణాల డెస్కు చూస్తున్నాను. ఈ మాట వారానికి రెండుసార్లైనా వింటాను. ప్రతిసారీ గుండె కలుక్కుమంటుంది. నేను చెప్పబోయే లెక్క విన్నాక ఆ ముఖాలు ఎలా వాడిపోతాయో నాకు ముందే తెలుసు.

అపోహ: బ్యాంకు 90 శాతం ఇస్తుంది, మనకు పది శాతం ఉంటే చాలు

వాస్తవం: 90 శాతం అనేది 30 లక్షల లోపు రుణాలకు ఆర్‌బీఐ పెట్టిన గరిష్ఠ పరిమితి. రుణం 30 లక్షలు దాటి 75 లక్షల దాకా ఉంటే 80 శాతం, అదీ దాటితే 75 శాతం. అంతకు మించి ఇవ్వకూడదని దీని అర్థం. అంతా ఇచ్చి తీరాలని ఎక్కడా లేదు. మీ జీతం, సిబిల్ స్కోరు (పాత అప్పులు ఎలా తీర్చారో చెప్పే మార్కు), నడుస్తున్న ఈఎంఐలు చూసి బ్యాంకు ఇంకా తగ్గించవచ్చు.

అసలు దెబ్బ ఇంకోచోట తగులుతుంది. పది లక్షల లోపు ఇళ్లను మినహాయిస్తే, స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులను ఇంటి విలువలో కలిపి రుణం లెక్కకట్టడానికి వీల్లేదు. అవి మీ జేబులోంచి రావలసిందే. తెలంగాణలో ఫ్లాట్ రిజిస్ట్రేషన్‌కు అన్నీ కలిపి 7.5 శాతం. ఆంధ్రాలో స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం అంతే.

ఆ జంట ముందు కాగితం పెట్టి రాసి చూపించాను. ఫ్లాట్ 60 లక్షలు. బ్యాంకు ఇచ్చేది ఎక్కువలో ఎక్కువ 48. సొంత వాటా 12. రిజిస్ట్రేషన్ 4.5. ఇక్కడికే పదహారున్నర లక్షలు. ప్రాసెసింగ్ ఫీజు, లాయరు ఒపీనియన్, వాల్యుయేషన్, అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు కట్టే కార్పస్ ఫండ్ (ఉమ్మడి నిర్వహణ నిధి), వంటింట్లో అరలు, కిటికీలకు దోమతెరలు, ఎంత చిన్నగా చేసినా గృహప్రవేశం భోజనాలు. 18 లక్షలు లేకుండా ఆ ఇంట్లో పాలు పొంగించలేరు. ఇంకా కడుతున్న ఫ్లాట్ అయితే 5 శాతం జీఎస్టీ, అంటే మరో మూడు లక్షలు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడం పూర్తయ్యాక ఇచ్చే నివాస అనుమతి పత్రం) వచ్చాక కొంటే అది ఉండదు.

వాళ్ల దగ్గర ఉన్నవి ఆరు. కావలసినవి పద్దెనిమిది. ఈ సంగతి అడ్వాన్స్ కట్టకముందు తెలియాలి.

ఇదే సమయంలో మధ్యవర్తి ఒక ఉపాయం చెబుతాడు. "అగ్రిమెంట్‌లో నలభై అయిదే రాయిద్దాం, రిజిస్ట్రేషన్ ఖర్చు కలిసొస్తుంది." దీని మీద నాకు కోపం ఆగదు. కాగితం మీద రాసిన ధర, మా వాల్యుయర్ ఇచ్చిన విలువ, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దాని మీదే రుణం. 45 లక్షల్లో 80 శాతం అంటే 36. రిజిస్ట్రేషన్‌లో మిగిలింది లక్షా పన్నెండు వేలు, రుణంలో తగ్గింది పన్నెండు లక్షలు. పైగా కాగితంలో లేని ఆ పదిహేను లక్షలూ నోట్ల కట్టల రూపంలో చేతులు మారాలి. స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నేరుగా నిషేధం. ఆ నగదుకు రసీదు ఉండదు. బేరం చెడితే అడిగే దిక్కు కూడా ఉండదు.

"తక్కువ పడింది పర్సనల్ లోన్ తీసుకుంటాం" అనేది తర్వాతి మాట. పది లక్షల పర్సనల్ లోన్ 14 శాతం వడ్డీతో అయిదేళ్లకు తీసుకుంటే ఈఎంఐ 23 వేల పైచిలుకు. అదే 23 వేలతో 8.5 శాతం మీద, ఇరవై ఏళ్లకు 26 లక్షల ఇంటి రుణం తీర్చవచ్చు. మేం అర్హత లెక్క కట్టేటప్పుడు మీ అన్ని ఈఎంఐలనూ జీతంలోంచి తీసేస్తాం. అంటే పది లక్షలు తెచ్చుకోబోయి 26 లక్షల అర్హతను పోగొట్టుకుంటారు. మా దగ్గర తిరస్కరించే ఫైళ్లలో ఈ కథ ఎన్నిసార్లు చూశానో.

అపోహ: మాకు దాచే గుణం లేదు

లెక్క విన్నాక చాలామంది అనే మాట ఇది. తల వంచుకుని, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు చెబుతారు. వినడానికే బాధగా ఉంటుంది. అద్దె ఏటా పెరుగుతుంది, పిల్లల ఫీజులు పెరుగుతాయి, ఏ ఫంక్షన్‌కు వెళ్లినా ఎవరో ఒకరు "ఇంకా అద్దె ఇంట్లోనేనా?" అని అడుగుతారు. ఇవన్నీ మోస్తూ నెలాఖరుకు ఏమైనా మిగిలితే దాద్దామనుకుంటే ఎవరికీ మిగలదు. నాకూ మిగలలేదు.

"పద్దెనిమిది లక్షలు ఎప్పుడు దాస్తాం" అనుకుంటే మొదటి వెయ్యి వేయడానికి కూడా చెయ్యి రాదు. అందుకే నేను అడిగినవాళ్లందరికీ ఒకటే పద్ధతి చెబుతాను: ఇల్లు కొనకముందే ఈఎంఐ కట్టడం మొదలుపెట్టండి. మీరు మోయగల ఇల్లు ఏదో ముందు తేల్చుకోండి. ఆ జంట చేతికొచ్చే జీతాలు కలిపి 78 వేలు, అద్దె 14 వేలు. వాళ్లకు అరవై లక్షల ఫ్లాట్ కంటే, కాస్త దూరంగా యాభై లక్షల రీసేల్ ఫ్లాట్ సరిపోతుంది. రుణం 40 లక్షలు, 8.5 శాతానికి, ఇరవై ఏళ్లకు ఈఎంఐ 34,700 చిల్లర. ఇప్పుడు కడుతున్న అద్దె పోగా తేడా 20,700. జీతం పడిన మర్నాడే ఆ తేడా ఆర్‌డీలోకి, అంటే నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్‌లోకి వెళ్లిపోవాలి.

దీనివల్ల రెండు పనులు జరుగుతాయి. 6.5 శాతం వడ్డీ వచ్చినా మూడేళ్లలో ఎనిమిది లక్షలు దాటుతుంది. రెండోది ఇంకా ముఖ్యం. ఆ ఈఎంఐ మీ ఇంటి ఖర్చులతో ఇముడుతుందో లేదో, బ్యాంకుకు సంతకం పెట్టకముందే తెలిసిపోతుంది. నాలుగు నెలలకే ఊపిరాడకపోతే, అది మీ బలహీనత అనుకోవద్దు. ఆ ఇల్లు ఇప్పటికి మీ జీతానికి పెద్దదని తెలిసింది, అంతే. నిజం ఈఎంఐ మూడు నెలలు ఆగితే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది, ఆ తర్వాత తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు వస్తుంది. ఆర్‌డీలో ఒక నెల తప్పితే పోయేది చిన్న పెనాల్టీ.

మొత్తం అంకెను ఒకేసారి చూడకండి. యాభై లక్షల ఇంటికి రిజిస్ట్రేషన్ డబ్బు 3.75 లక్షలు. ముందు అదే గురి. అది నిండితే ఎఫ్‌డీ చేసి రసీదు మీద "రిజిస్ట్రేషన్" అని రాసుకోండి. తర్వాత గడపల దాకా, తర్వాత స్లాబు దాకా అని పేర్లు పెట్టుకున్న వాళ్లను చూశాను. ఒక స్కూలు టీచరమ్మ నెలనెలా పాస్‌బుక్ ప్రింట్ వేయించుకోవడానికే బ్రాంచికి వచ్చేది. యాప్‌లో కనబడుతుంది కదమ్మా అంటే, "కాగితం మీద చూస్తేనే నాకు ఇల్లు కనబడుతుంది మేడమ్" అనేది. మూడేళ్ల ఎనిమిది నెలలకు ఆమె రుణం ఫైలు నేనే చేశాను.

ఈ డబ్బున్న ఖాతాకు యూపీఐ లింక్ చేయకండి. ఇంక్రిమెంట్ వచ్చినప్పుడు సగం అందులోకి పంపండి. ఇంటి డబ్బుకు పక్కనే రెండు మూడు నెలల ఖర్చులు వేరే ఖాతాలో ఉంచండి. లేకపోతే స్కూటర్ రిపేరుకు కూడా ఇంటి డబ్బే కదులుతుంది.

అపోహ: ఒకసారి ఆర్‌డీ బ్రేక్ చేశామంటే ఇక మా వల్ల కాదు

ఇది నా సొంత కథ. మా నాన్న ఆర్టీసీ కండక్టరు, జీవితమంతా అద్దె ఇళ్లే. పెళ్లయిన రెండో ఏడు నేనూ మావారూ ఇంటికోసం ఆర్‌డీ మొదలుపెట్టాం. పంతొమ్మిదో నెలలో మా తమ్ముడికి ఆపరేషన్ అయింది. ఆర్‌డీ ముందే మూసేస్తున్న ఫారం మీద నా బ్యాంకులోనే, నా కౌంటర్‌లోనే సంతకం పెట్టి, లోపలికి వెళ్లి ఏడ్చాను. తర్వాత ఎనిమిది నెలలు ఒక్క రూపాయి వేయలేదు. డబ్బు లేక కాదు, మనసు రాక.

మళ్లీ ఎలా మొదలైందంటే, మూడు వేలతో. మావారు నాకు చెప్పకుండానే మొదలుపెట్టి, నాలుగు నెలల తర్వాత పాస్‌బుక్ చూపించారు. అప్పుడు నా జీతం నుంచీ వేయడం మొదలుపెట్టాను. ఇల్లు అనుకున్నదానికంటే రెండేళ్లు ఆలస్యంగా వచ్చింది, వచ్చింది మాత్రం నిజం. కాబట్టి అత్యవసరానికి డబ్బు తీసినవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, ఆ డబ్బు అక్కరకు వచ్చిందని గుర్తుపెట్టుకోండి. వచ్చే నెల అయిదు వందలతోనైనా కొత్త ఆర్‌డీ తెరవండి.

మిగతావి, గబగబా

"అప్పటికి ధరలు పెరిగిపోతాయి, ఇప్పుడే కొనేయాలి." పెరగవచ్చు. మీ భయం నాకు అర్థమవుతుంది. కానీ పద్దెనిమిది లక్షలు కావలసిన చోట ఆరు లక్షలతో దిగితే, ధర పెరిగిన లాభం మీ చేతికి రాదు, వడ్డీలకు పోతుంది.

"ప్రీ లాంచ్‌లో సగం ధరకే ఇస్తున్నారు." ప్రీ లాంచ్ అంటే ప్రాజెక్టు అధికారికంగా మొదలుకాకముందే అమ్మడం. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ లేకుండా, ఆ చట్టం కిందికి వచ్చే ప్రాజెక్టులో ఫ్లాట్లు అమ్మడమే కాదు, ప్రకటన ఇవ్వడం కూడా కుదరదు. రిజిస్టరైన అమ్మకపు అగ్రిమెంట్ లేకుండా పది శాతానికి మించి తీసుకోకూడదు. ఏళ్లపాటు దాచిన డబ్బును వాట్సాప్‌లో వచ్చిన బ్రోచర్ చూసి ఇచ్చేయకండి. దయచేసి.

"చీటీ వేస్తే త్వరగా కూడుతుంది." 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టరైన కంపెనీ చీటీ అయితే అది ఒక క్రమశిక్షణే. అయితే కమిషన్ 7 శాతం దాకా ఉండవచ్చు, పాట ముందే పాడుకుంటే నష్టం మీదే. కాలనీలో తెలిసినామె నడిపే చీటీలో ఇంటి డబ్బు పెట్టవద్దు.

"షేర్లలో పెడితే రెట్టింపవుతుంది." రెండు మూడేళ్లలో కావలసిన డబ్బు కాబట్టి వద్దు.

"సొసైటీలో 12 శాతం వడ్డీ ఇస్తున్నారు." సంస్థ మునిగితే డబ్బు తిరిగి ఇచ్చే డిపాజిట్ ఇన్సూరెన్స్ బ్యాంకు డిపాజిట్లకే, ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి వడ్డీతో కలిపి అయిదు లక్షల దాకా.

"లోన్ తీసుకుంటే పన్ను కలిసొస్తుంది." కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు, సొంతంగా ఉండే ఇంటి వడ్డీ మీద మినహాయింపు లేదు.

"పీఎఫ్ ఉంది కదా." ఇంటికోసం తీసుకునే వెసులుబాటు ఉంది. ఆఖరున తగ్గిన కొంచెం పూడ్చుకోవడానికి ఉంచుకోండి, దాన్ని నమ్ముకుని దాచడం మానేయకండి.

ఆ జంట శుక్రవారం మళ్లీ వచ్చారు. ఫ్లాట్ ఓనరు టోకెన్‌లో యాభై వేలు పట్టుకుని లక్షన్నర తిరిగి ఇచ్చాడట. చేతిలో మిగిలింది అయిదున్నర లక్షలు. అది ఎఫ్‌డీ చేసి, ప్రతి నెలా 5వ తేదీన 20,700 పోయేలా ఆర్‌డీ తెరిచాం. మూడేళ్లకు ఈ రెండూ కలిసి యాభై లక్షల ఇంటికి కావలసిన పదిహేను లక్షల దగ్గరికి వస్తాయి. సంతకాలయ్యాక ఆయన లేచాడు గానీ ఆమె లేవలేదు. ఫారం ఇంకోసారి చదువుకుని, "మేడమ్, 5వ తేదీ ఆదివారం అయితే డబ్బు కట్ అవుతుందా?" అని అడిగింది. అవుతుందమ్మా, సెలవైనా సిస్టమ్ తీసుకుంటుంది, ముందురోజుకే ఖాతాలో డబ్బు ఉండేలా చూసుకో అని చెప్పాను. ఫోన్ తీసి 4వ తేదీకి అలారం పెట్టుకుంది.