ఎండ ఉండగానే సోలార్ ఎందుకు ఆగింది? ఇన్వర్టర్లపై అపోహలు - వాస్తవాలు

సోలార్ పెట్టించుకుందామని ఫోన్ చేసేవాళ్లు ముందుగా అడిగేది ప్యానెల్ ఏ కంపెనీది, సబ్సిడీ ఎంత అని. కొటేషన్‌లో ఇన్వర్టర్‌కి దక్కేది ఒక్క లైను. బిగించాక వచ్చే ఫిర్యాదులు మాత్రం ఎక్కువగా దాని మీదే.

అపోహ: సోలార్ ఉంటే కోత సమయంలోనూ ఇంట్లో కరెంటు ఉంటుంది.

ఆన్‌గ్రిడ్ అయితే ఉండదు. ఇళ్లకు ఎక్కువగా పెట్టేది అదే. దాంట్లో బ్యాటరీ ఉండదు. ప్యానెళ్ల నుంచి వచ్చే డీసీ కరెంటును ఇంట్లో వాడే ఏసీ కరెంటుగా మార్చి, స్తంభం నుంచి వచ్చే కరెంటుతో కలపడమే దాని పని. ఆ కరెంటు పోగానే ఇదీ ఆగిపోవాలి, నిబంధన కూడా అదే. ఎందుకంటే సరఫరా ఆపి స్తంభం ఎక్కిన లైన్‌మ్యాన్ తీగ ముట్టుకుంటే మీ డాబా మీద నుంచి ఎదురు కరెంటు రాకూడదు. మిట్టమధ్యాహ్నం ఫ్యాన్ ఆగిందని, ఇన్వర్టర్ పాడైందని కోపంగా ఫోన్లు వస్తుంటాయి. అది పాడవలేదు, దాని పని అది చేసింది. ఈ ముక్క అమ్మేటప్పుడే చెప్పాలి. బేరం పోతుందని చాలామంది చెప్పరు. నా లెక్కలో అది మోసమే.

అపోహ: అయితే బ్యాటరీ కూడా ఉండే హైబ్రిడ్ పెట్టేస్తే సరి, రాత్రంతా ఏసీ వేసుకోవచ్చు.

5 యూనిట్ల లిథియం బ్యాటరీ మీద ఒకటిన్నర టన్ను ఏసీ నడిపితే మూడు నాలుగు గంటలకే ఖాళీ. ఫ్యాన్లు, లైట్లు, వైఫై అయితే తెల్లారేదాకా లాగుతుంది. బోరు మోటారును మాత్రం బ్యాకప్ లైన్‌లో కలపొద్దు. స్టార్టయ్యేటప్పుడు మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగి ఇన్వర్టర్‌ని ట్రిప్ చేస్తుంది. కేంద్రం పథకం పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు వచ్చే 78,000 రూపాయల సబ్సిడీ ప్యానెళ్ల సామర్థ్యాన్ని బట్టి ఇచ్చేది, బ్యాటరీ ఖర్చు మీరే పెట్టుకోవాలి. రోజుకి అరగంట కోత ఉండే టౌన్లలో హైబ్రిడ్ మీద డబ్బు పొయ్యడం దండగ అంటాను.

అపోహ: ఇంట్లో ఉన్న పాత ఇన్వర్టర్‌కే ప్యానెళ్లు కలిపేయొచ్చు.

అది 12 వోల్టుల బ్యాటరీతో నడిచేది. మేడ మీద ఎనిమిది ప్యానెళ్లు వరసగా కలిపితే 300-400 వోల్టుల డీసీ వస్తుంది. నేరుగా కలిపితే కాలిపోవడమే. పాతది బ్యాకప్‌కి, ఆన్‌గ్రిడ్‌ది బిల్లు తగ్గించుకోవడానికి, రెండూ ఒకే ఇంట్లో ఉండొచ్చు. అయితే సోలార్ వైరు మెయిన్ దగ్గరే కలవాలి. పాత ఇన్వర్టర్ అవుట్‌పుట్ వైపు కలిపితే, కోత పడినప్పుడు దాన్నే అసలు కరెంటు అనుకుని సోలార్ దాంట్లోకి ఎదురు పంపే ప్రమాదం ఉంది.

అపోహ: 3 కిలోవాట్ల ఇన్వర్టర్‌కి సరిగ్గా 3 కిలోవాట్ల ప్యానెళ్లే పెట్టాలి.

ప్యానెల్ మీద రాసిన వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. మే నెలలో ప్యానెల్ వేడి 60 డిగ్రీలు దాటుతుంది. డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం పవర్ తగ్గుతుంది. కాబట్టి 3.3 పెట్టినా నష్టం లేదు. మొత్తం వోల్టేజీ ఇన్వర్టర్ గరిష్ఠ పరిమితి దాటకుండా చూసుకుంటే చాలు.

అపోహ: వారంటీ 25 ఏళ్లు.

అది ప్యానెళ్లకి. ఇన్వర్టర్‌కి సాధారణంగా 5 నుంచి 10 ఏళ్లు. దాన్ని ఎండలో గానీ, గాలాడని అలమరలో గానీ పెడితే అంతకంటే ముందే మూలపడుతుంది. మెట్ల గది గోడ చక్కని చోటు.

అపోహ: పగలు పదే పదే ఆగిపోతోందంటే ఇన్వర్టర్ మార్చాల్సిందే.

మార్చే ముందు, ఆగినప్పుడు స్క్రీన్ మీద ఏం రాసుందో చూడండి. పల్లెల్లో, ట్రాన్స్‌ఫార్మర్‌కి దగ్గరగా ఉన్న ఇళ్లలో ఎక్కువగా కనిపించేది 'గ్రిడ్ ఓవర్ వోల్టేజ్'. 230 మీద పది శాతం, అంటే సుమారు 253 వోల్టులు దాటితే ఇన్వర్టర్ తప్పుకుంటుంది. వోల్టేజీ తగ్గాక మళ్లీ తనే వస్తుంది.

కొన్నిసార్లు తప్పు బయట లైన్‌లో కాదు, మన వైరులోనే ఉంటుంది. ఇన్వర్టర్ నుంచి మీటర్‌కి 30 మీటర్ల దూరం ఉండి, ఖర్చు తగ్గుతుందని 2.5 ఎంఎం రాగి వైరు లాగారనుకోండి. 3 కిలోవాట్లు పంపేటప్పుడు ఆ వైరులోనే దాదాపు 6 వోల్టులు పెరుగుతాయి. మీటర్ దగ్గర 248 ఉంటే ఇన్వర్టర్ దగ్గర 254. అంతే, ట్రిప్. అదే 6 ఎంఎం వేస్తే పెరిగేది రెండున్నర వోల్టులే.

అందుకే ఎండ బాగా కాసేటప్పుడు రెండు చోట్లా మల్టీమీటర్‌తో కొలిపించండి. తేడా ఎక్కువుంటే వైరు మార్పించండి. మీటర్ దగ్గరే ఎక్కువ చూపిస్తే ఫొటో తీసి, టైమ్ రాసి కరెంటోళ్ల సెక్షన్ ఆఫీసులో ఇవ్వండి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వోల్టేజీని మార్చే ట్యాప్ సరిచేయాల్సింది వాళ్లే.