విరాళం మందులకు ఏడాది గడువు నిబంధన ఎలా వచ్చింది

1988 డిసెంబరు 7న ఆర్మేనియాలో భూకంపం వచ్చి సుమారు 25,000 మంది చనిపోయారు. ఆ తర్వాత అక్కడికి కనీసం 5,000 టన్నుల మందులు, వైద్య సామగ్రి చేరాయి. పెట్టెలు విప్పి ఏది ఏమిటో తేల్చడానికి 50 మందికి ఆరు నెలలు పట్టింది. 8 శాతం సరుకుకు అప్పటికే గడువు తీరిపోయింది, 4 శాతం చలికి గడ్డకట్టి పాడైంది. అత్యవసర వైద్యానికి పనికొచ్చేవి సగం కూడా లేవు.

ఇలాంటి సరుకు ఎందుకు వస్తుందో మందుల వ్యాపారంలో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. గడువు దగ్గరపడ్డ (షార్ట్ ఎక్స్‌పైరీ) స్టాకు గోదాములో ఉంటే నష్టం, ధ్వంసం చేయించాలంటే ఖర్చు. పైగా 1976 నాటి అమెరికా పన్ను చట్ట సవరణ ప్రకారం పేదలకు, రోగులకు సరుకు దానమిచ్చిన కంపెనీకి తయారీ ఖర్చుతో పాటు లాభంలో సగం దాకా మినహాయింపు దొరుకుతుంది (మొత్తం తయారీ ఖర్చుకు రెట్టింపు మించకూడదు). అందరూ ఆ లెక్కతోనే ఇచ్చారనలేం. కానీ సహాయ సంస్థలు కూడా ఎన్ని టన్నులు పంపామన్నదే గొప్పగా చెప్పుకున్న రోజులవి.

బోస్నియా యుద్ధంతో బండారం బయటపడింది. 1992-96 మధ్య అక్కడ పోగుపడిన పనికిరాని మందులు 17,000 టన్నులని, వాటిని వదిలించుకోవడానికి 3.4 కోట్ల డాలర్లవుతుందని అంచనా వేశారు. అంత ఖర్చెందుకంటే, మందులను ఆరుబయట తగలబెడితే విషవాయువులొస్తాయి. కాలువలో పోస్తే నీళ్లు చెడతాయి. చెత్తకుప్పలో పారేస్తే ఏరుకుని మళ్లీ అమ్మేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో చెప్పిన పద్ధతుల్లో ఒకటి: ఇనుప డ్రమ్ములో ముప్పావు వంతు మందులు నింపి, మిగతా జాగాలో సున్నం, సిమెంటు, నీళ్లు 15:15:5 పాళ్లలో కలిపి పోసి, మూత బిగించి పూడ్చడం. రెండోది: మాత్రలను అట్టల నుంచి, స్ట్రిప్పుల నుంచి విడదీసి నూరి, 65 పాళ్ల మందుకు 15 పాళ్లు సున్నం, 15 సిమెంటు, 5 నీళ్లు కలిపి ముద్ద చేయడం. స్ట్రిప్పులు విప్పే పనికే బోలెడు మంది కూలీలు కావాలి.

ఈలోపు 1996 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మందుల విరాళాలకు మార్గదర్శకాలు తెచ్చింది. దేశం చేరేసరికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలి. రోగులు తిరిగిచ్చినవి, ఉచిత శాంపిళ్లు కుదరవు. వేరే సామానుతో కలపకూడదు, పెట్టె 50 కిలోలు దాటకూడదు. లేబుల్ మీద జనరిక్ పేరు, అంటే కంపెనీ బ్రాండు కాకుండా అంతర్జాతీయంగా వాడే మందు పేరు తప్పనిసరి. ఇది చిన్న విషయం కాదు: పారాసిటమాల్‌కే అమెరికా డబ్బా మీద టైలెనాల్ అనో అసెటమినోఫెన్ అనో ఉంటుంది. పారాసిటమాల్ అని రాసి ఉంటే ఇండోనేసియాలోని బందా ఆచేలో ఉన్న నర్సుకైనా, బందరులోని నర్సుకైనా అర్థమవుతుంది. అసలు కీలకం విలువ కట్టే నిబంధన. బ్రాండు ధర వేసుకోవద్దు, అదే జనరిక్‌కు అక్కడి లేదా అంతర్జాతీయ టోకు ధరే వేయాలి.

కాగితం మీది నియమాలకు సునామీ పరీక్ష పెట్టింది. 2004 డిసెంబరు 26 తర్వాత ఇండోనేసియాలోని ఆచే రాష్ట్రానికి సుమారు 4,000 టన్నుల మందులొచ్చాయి. అక్కడి జనాభా సుమారు 40 లక్షలు. వచ్చినవాటిలో 60 శాతం ఇండోనేసియా అత్యావశ్యక మందుల జాబితాలో లేనివి, 70 శాతం లేబుళ్లు అక్కడివారికి తెలియని భాషల్లో ఉన్నాయి.

బాగుపడింది ఎక్కడంటే, విపత్తు రాకముందే కంపెనీలూ సహాయ సంస్థలూ ఒప్పందం చేసుకున్న చోట. 1999లో రెండు పక్షాలూ కలిసి పీక్యూఎండీ (నాణ్యమైన వైద్య విరాళాల కోసం భాగస్వామ్యం) అనే వేదిక పెట్టుకున్నాయి. ఐక్యరాజ్యసమితి సంస్థలు ముందే సిద్ధం చేసి ఉంచే అత్యవసర వైద్య కిట్టు 10,000 మందికి మూడు నెలలు సరిపోతుంది. అందులో వెయ్యేసి మందికి సరిపడే ప్రాథమిక యూనిట్లు పది ఉంటాయి. వీటిని డాక్టరు లేని పల్లె ఆరోగ్య కార్యకర్తా వాడగలరు. డాక్టర్లు వాడే అనుబంధ యూనిట్టు వేరు. డైరెక్ట్ రిలీఫ్ అనే అమెరికా సహాయ సంస్థ కంపెనీలిచ్చిన మందులతో హరికేన్ (తుపాను) ప్యాకులు కట్టి, జూన్ 1న తుపాన్ల సీజను మొదలయ్యేలోపు క్లినిక్కులకు చేరుస్తుంది. అమెరికాలో ఇచ్చే ప్యాకు వంద మందికి 72 గంటలు వస్తుంది. సీజను ముగిసే నవంబరు 30 దాకా తుపాను రాకపోతే క్లినిక్కు వాటిని రోజువారీ రోగులకు వాడేసుకుంటుంది, గడువు తీరి మూలన పడే అవకాశం తక్కువ.