వేళ్లకు బొమ్మ చదవడం ఎలా వస్తుంది?

ప్రియమైన పిల్లలకు,

మీ తరగతిలో కొత్తగా చేరిన చూపు లేని పాపకు పుస్తకంలో బొమ్మలు ఎలా అర్థమవుతాయని అడిగారు. మీకు ఆ ఆలోచన వచ్చినందుకు చాలా సంతోషం.

ఏనుగును తడిమిన గుడ్డివాళ్ల కథ మీరు వినే ఉంటారు. చెవి పట్టుకున్నవాడు చేట అన్నాడు, కాలు పట్టుకున్నవాడు స్తంభం అన్నాడు. ఆ కథంటే నాకు కోపం. వాళ్లను ఏనుగు చుట్టూ తిరగనిచ్చి, తొండం నుంచి తోక దాకా తీరిగ్గా తడమనిస్తే ఒక్కరూ పొరబడేవారు కాదు.

పాప చదివే బొమ్మల్లో గీతలు కాగితం మీద ఉబ్బెత్తుగా ఉంటాయి, వాటిని వేళ్లతో తడిమి తెలుసుకుంటుంది. కంటికి బొమ్మంతా ఒకేసారి కనిపిస్తుంది. వేలికొసకు ఒకసారికి చిన్న ముక్కే అందుతుంది. ఆ ముక్కల్ని గుర్తుపెట్టుకుని మనసులో కలుపుకోవాలి. అందుకే టీచర్లు ఒక వరస నేర్పుతారు. ముందు బొమ్మ పేరు, గుర్తుల వివరాలు బ్రెయిలీలో, అంటే వేళ్లతో చదివే ఉబ్బెత్తు చుక్కల లిపిలో, చదవాలి. తర్వాత రెండు అరచేతులతో కాగితమంతా నెమ్మదిగా నిమిరి, బొమ్మ ఎంత ఉంది, ఎక్కడ ఖాళీ ఉంది తెలుసుకోవాలి. అప్పుడు ఒక చెయ్యి ఒకచోట ఆనించి, రెండో చేత్తో గీత వెంట వెళ్లాలి. ఆనించిన చెయ్యి ఉంటేనే బయల్దేరిన చోటు గుర్తుంటుంది.

నదుల మ్యాప్ తీసుకోండి. పాప వేలు త్ర్యంబకేశ్వర్ దగ్గర గోదావరిని పట్టుకుని, రాజమండ్రి దాటి సముద్రంలో కలిసేదాకా నడవాలి. సముద్రం గరుకుగా, నేల నున్నగా ఉంటే తీరం రాగానే వేలికి తెలిసిపోతుంది. అదే కాగితం మీద రాష్ట్రాల సరిహద్దులూ రైలు మార్గాలూ కూడా ఉబ్బెత్తుగా పెట్టారనుకోండి, రెండు గీతలు కలిసేచోట వేలు దారి తప్పుతుంది. అందుకే నదులకో కాగితం, రాష్ట్రాలకో కాగితం. గీతకూ గీతకూ మధ్య కనీసం 3 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. కంటి కోసం గీసిన బొమ్మను ఉన్నదున్నట్టు ఉబ్బెత్తుగా చేసి ఇస్తే సరిపోదు.

ఇంకో చిక్కు ఉంది. లూడో పాచికను చేత్తో తడిమితే ఆరు వైపులా చతురస్రాలే. పుస్తకంలో బొమ్మేమో ఏటవాలు గీతలతో ఉంటుంది. "ఇది పాచిక ఎలా అవుతుంది?" అని పాప అడిగితే ఆ ప్రశ్న న్యాయమైనదే. దూరం నుంచి చూసే కంటికి తోచే రూపం అది, చేతికి తెలిసేది కాదు. కాబట్టి ముందు చెక్క పాచిక ఇస్తారు. దాన్ని కాగితం మీద పెట్టి చుట్టూ గీయిస్తారు. అట్టపెట్టెను విప్పి పరిచి ఆరు చతురస్రాలనూ తడమనిస్తారు. వస్తువు చేతికి అలవాటయ్యాకే బొమ్మ జోలికి వెళ్తారు.

ఇలాంటి బొమ్మల కోసం వేడి తగిలితే నల్లగీత ఉబ్బే ప్రత్యేకమైన కాగితం ఉంది. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల బొమ్మల్ని ఢిల్లీ ఐఐటీలో తడిమి చదివేలా తయారుచేశారు. ఇంట్లోనైతే ఫెవికాల్, ట్వైన్ దారం, గరుకు కాగితం చాలు. రబ్బరు షీటు మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిచి పెన్నుతో గట్టిగా గీస్తే గీత పైకి లేస్తుంది. దాంతో పాప తన బొమ్మ తనే గీసుకోవచ్చు. అన్నిటికన్నా నాకు ఇదే ఇష్టం, ఎందుకంటే గీసే చేతికి చదవడం త్వరగా వస్తుంది.

మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా పదో తరగతి తర్వాత సైన్సు చదువుతానంటే, బొమ్మలూ గ్రాఫులూ ఉంటాయి, చూపు లేనివాళ్లకు కుదరదన్నారు. ఆయన కోర్టుకెళ్లి గెలిచారు. తర్వాత అమెరికాలో ఎంఐటీలో చదివి, ఇక్కడికొచ్చి బొల్లాంట్ ఇండస్ట్రీస్ అనే కంపెనీ పెట్టారు. అడ్డం చెప్పింది బొమ్మల పేరుతోనే, చూశారా!

మీరు పాప పక్కన కూర్చున్నప్పుడు ఆమె వేలు పట్టుకుని లాగకండి. చాలామంది ప్రేమతోనే అలా చేస్తారు, కానీ అప్పుడు పాప దృష్టంతా లాగుతున్న చేతి మీదికే పోతుంది. మీ చెయ్యి కింద ఉంచి, పైన తన చెయ్యి పెట్టుకోమనండి. "ఇప్పుడు పైకి వెళ్తున్నాం, ఇక్కడ గీత రెండుగా చీలింది" అని నోటితో చెప్పండి. దారి తెలిశాక మీ చెయ్యి తీసేయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య